షేపింగ్ బ్లాక్ పొడవు ఎంతో ముందు క్లాక్‌ని అడగండి

ప్రాబబిలిస్టిక్ షేపింగ్ (తక్కువ శక్తి సింబల్స్‌ని ఎక్కువసార్లు పంపి శక్తి ఆదా చేసే పద్ధతి) అనగానే చాలామంది పొడవాటి బ్లాక్‌తో సీసీడీఎం (ప్రతి బ్లాక్‌లో ఒక్కో యాంప్లిట్యూడ్ ఇన్నిసార్లే వచ్చేలా డేటా బిట్లని మార్చే అల్గారిథమ్) రాసేసి, సిమ్యులేషన్‌లో లాభం చూసుకుని, ఆ తర్వాత దాన్ని హార్డ్‌వేర్‌లో ఎలా పరిగెత్తించాలా అని తల పట్టుకుంటారు. లెక్క అటునుంచి మొదలుపెట్టడమే పొరపాటు. ముందు క్లాక్ దగ్గర కూర్చోవాలి.

64 గిగాబాడ్ (సెకనుకి 6,400 కోట్ల సింబల్స్) ఆప్టికల్ లింకు, రెండు పోలరైజేషన్లు అనుకుందాం. ప్రతి సింబల్‌కీ ఐ, క్యూ అనే రెండు భాగాలు కలిపి రెండు యాంప్లిట్యూడ్లు (సిగ్నల్ మట్టాలు). అంటే సెకనుకి 256 గిగా, అంటే 25,600 కోట్ల యాంప్లిట్యూడ్లు. చిప్ క్లాక్ 500 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కో క్లాక్‌కి 512 యాంప్లిట్యూడ్లు బయటికి రావాలి. అరిథ్‌మెటిక్ కోడింగ్ మీద నడిచే సీసీడీఎం ఒక్కో అడుగుకి ఒక్క యాంప్లిట్యూడే తేలుస్తుంది, ముందు అడుగు తేలితే గానీ తర్వాతిది మొదలవదు. కాబట్టి అలాంటి యంత్రాలు 512 పక్కపక్కన పెట్టాలి, ఒక్కోదానిలో గుణకారాలతో సహా. జాప్యం సంగతంటారా, 1024 పొడవు బ్లాక్‌కి సుమారు 2 మైక్రోసెకన్లు. ఫైబర్‌లో వెలుగు అర కిలోమీటరైనా వెళ్లదు ఆ సమయంలో. దూరపు లింకుల్లో అసలు బాధ చిప్ వైశాల్యం, కరెంటు. చిన్న ఫ్రేముల వైర్‌లెస్‌లో మాత్రం జాప్యం కూడా గట్టిగానే కొరుకుతుంది.

సరే, బ్లాక్ కుదించేస్తే? అప్పుడు రేట్ లాస్ ముందుకొస్తుంది. అంటే ఎంట్రోపీ (ఆ పంపిణీలో ఒక్కో యాంప్లిట్యూడ్ సగటున మోయగల బిట్లు) ప్రకారం రావాల్సిన బిట్లకీ నిజంగా మోసే బిట్లకీ తేడా. 1, 3, 5, 7 యాంప్లిట్యూడ్లతో 16 పొడవు బ్లాక్ తీసుకుని వాటిని వరసగా 7, 5, 3, 1 సార్లు వాడమంటే 57,65,760 అమరికలు వస్తాయి. అంటే 22 బిట్లు. ఎంట్రోపీ 1.749, దక్కేది 1.375, నష్టం 0.374 బిట్లు. ఒక డైమెన్షన్‌లో ఒక బిట్ అంటే దాదాపు 6 డెసిబెల్స్ కదా, ఈ నష్టం 2.25 డెసిబెల్స్. షేపింగ్ వల్ల ఎప్పటికైనా రాగల లాభమే 1.53. పెట్టుబడి కంటే వడ్డీ ఎక్కువైంది. అదే పంపిణీతో 256 పొడవుకి నష్టం 0.046కి, 1024కి 0.015కి దిగుతుంది. అందుకే అందరూ పొడుగు బ్లాకుల వైపు పరిగెత్తేది.

కానీ ఆ నష్టం చిన్న బ్లాక్ తప్పు కాదు. ప్రతి బ్లాక్‌లోనూ అవే లెక్కలు ఉండితీరాలన్న నియమం తప్పు. శక్తి ఒక హద్దు దాటని అమరికలన్నిటినీ వాడుకోనిస్తే, అంటే స్ఫియర్ షేపింగ్ దారి పడితే, చిన్న బ్లాకే బాగా పనిచేస్తుంది. దాన్ని రెండంతస్తుల లుకప్ టేబుళ్లతో (ముందే లెక్కేసి దాచిన పట్టికలతో) దగ్గరగా రాబట్టొచ్చు. పై 22 బిట్లు, 16 యాంప్లిట్యూడ్లతోనే చేసి చూద్దాం.

కింది అంతస్తు: నాలుగేసి యాంప్లిట్యూడ్ల అమరికలు మొత్తం 256. వాటిని శక్తి పెరిగే క్రమంలో పేర్చి, 16 చొప్పున కట్టలు కట్టండి. మొదటి 7 కట్టలు చాలు, 112 వరసలు, ఒక్కోటి 8 బిట్లు. పై అంతస్తు: నాలుగు కట్టల నంబర్ల వరసల్లో మొత్తం శక్తి తక్కువగా ఉన్న 64 ఎంచుకోండి. ఒక్కో వరస 12 బిట్లు. ఇన్‌పుట్‌లో 6 బిట్లు పై టేబుల్‌కి వెళ్లి నాలుగు కట్టలు తేలుస్తాయి, మిగతా 16 బిట్లు నాలుగేసి చొప్పున ఆయా కట్టలో ఏ వరసో చెబుతాయి. ఒక్కో యాంప్లిట్యూడ్‌కి సగటు శక్తి (యాంప్లిట్యూడ్ వర్గం) 7.42. అదే పొడవు, అవే బిట్లు మోసే సీసీడీఎంకి ఎంత తగ్గించినా 11. అదే రేటుకి షేపింగ్ లేకుండా సూత్రం ప్రకారం పడేది 8.64, కాబట్టి మనకి 0.66 డెసిబెల్ మిగిలింది. సీసీడీఎం అయితే ఎదురు ఇచ్చుకుంది.

గుణకారం లేదు, పోలిక లేదు, రెండు క్లాకుల జాప్యం. పైప్‌లైన్ చేస్తే క్లాక్‌కి 16 యాంప్లిట్యూడ్లు, కాబట్టి 512కి బదులు 32 కాపీలు. ఒక్కో కాపీలో కింది టేబుల్ నాలుగుసార్లు, పై టేబుల్ ఒకసారి, 544 బైట్లు. మొత్తం 17 కిలోబైట్లు.

ఇంకాస్త లాభం కావాలంటే మూడో అంతస్తు వేసుకోవచ్చు. లేదంటే ఈఎస్ఎస్ (శక్తి హద్దు లోపలి అమరికలకి నంబర్లు వేసే స్ఫియర్ షేపింగ్ పద్ధతి) ట్రెలిస్‌కి, అంటే నోడ్లూ దారులూ ఉన్న పటానికి వెళ్లొచ్చు. అందులో ప్రతి నోడ్ సంఖ్యనీ పూర్తిగా దాచక్కర్లేదు, మాంటిస్సా, ఎక్స్‌పోనెంట్‌గా కత్తిరించొచ్చు. ఒక్కటే షరతు: కూడిన ప్రతిసారీ కిందికే రౌండ్ చేయాలి. పైకి చేస్తే నోడ్ మోయగలిగిన దానికంటే పెద్ద ఇండెక్స్ లోపలికి వస్తుంది, ఆ అమరిక హద్దు దాటి పోతుంది. ఎన్‌కోడర్, డీకోడర్ రెండూ ఒకే కత్తిరించిన పట్టిక చదవాలి, ఎవరికి వారు లెక్కేసుకోకూడదు.

తిరుగు దారిలో, అంటే రిసీవర్‌లో, లెక్క వేరు, బడ్జెట్ వేసేటప్పుడు ఇది మరిచిపోతుంటారు. పై టేబుల్‌ని తిప్పితే 12 బిట్ల అడ్రస్, 4096 గడులు, ఒక్కదానికే 3 కిలోబైట్లు. 32 కాపీలకి, కింది టేబుళ్లతో కలిపి 124 కిలోబైట్లు. ఆ 4096లో పనికొచ్చేవి 64 మాత్రమే. మిగతావి సున్నాలతో నింపేస్తే ఎఫ్‌ఈసీ (తప్పులు సరిదిద్దే కోడ్) దాటి వచ్చిన తప్పు చడీచప్పుడు లేకుండా తప్పు డేటాగా మారిపోతుంది. అక్కడ ఒక ఫ్లాగ్ పెట్టండి. చిన్న బ్లాక్‌కి ఇంకో మేలు: కింది టేబుల్ ఒకటి తప్పితే పాడయ్యేవి గరిష్ఠంగా 10 బిట్లు. అరిథ్‌మెటిక్ కోడింగ్‌లో ఒక్క తప్పు బ్లాక్ మొత్తాన్ని ఎగరగొట్టగలదు, బ్లాక్ ఎంత పొడుగైతే అంత నష్టం.

డీమ్యాపర్‌కి (అందిన సింబల్ నుంచి బిట్లని అంచనా వేసే భాగానికి) ప్రయర్లు, అంటే ఒక్కో యాంప్లిట్యూడ్ వచ్చే సంభావ్యతలు, టేబుల్లోంచి లెక్కపెట్టి ఇవ్వండి, పుస్తకంలోని ఆదర్శ మాక్స్‌వెల్-బోల్ట్జ్‌మన్ వక్రం నుంచి కాదు. అసలు ప్రయర్ కలపకపోతే లాభం చాలావరకు అక్కడే ఆవిరైపోతుంది. 64-క్యూఏఎంని (ఐ, క్యూల మీద 8×8 సింబల్స్ గ్రిడ్‌ని) 42 వర్గమూలంతో భాగించే పాత లైను కోడ్‌లో ఎక్కడో మిగిలి ఉంటుంది, దాన్ని 14.84 (7.42కి రెట్టింపు) వర్గమూలం చేయాలి. అలా చేశాక శిఖరానికీ సగటుకీ నిష్పత్తి 3.7 నుంచి 8.2 డెసిబెల్స్‌కి పోతుంది, డీఏసీ (డిజిటల్ నుంచి అనలాగ్‌కి మార్చే భాగం) బిట్లు అప్పుడు గుర్తొస్తాయి. బ్లైండ్ ఈక్వలైజర్ (తెలిసిన సింబల్స్ సాయం లేకుండా చానెల్ వంకరని సరిచేసే భాగం) కూడా తడబడవచ్చు, పైలట్ సింబల్స్ (రిసీవర్‌కి ముందే తెలిసినవి) వేస్తే సర్దుకుంటుంది.

రేటు మార్చాలంటే కొత్త టేబుల్ అక్కర్లేదు. పై టేబుల్ శక్తి క్రమంలో పేర్చి ఉంటే, 6 బదులు 5 బిట్లు ఇచ్చి పై బిట్‌ని సున్నాకి కట్టేయండి. మొదటి 32 వరసలే వాడుకలో ఉంటాయి, రేటు యాంప్లిట్యూడ్‌కి 0.0625 బిట్ తగ్గుతుంది. ప్రయర్లు, స్కేలింగ్ మాత్రం ఆ వెంటే మార్చాలి.