కింది ఫ్లోర్ గ్లాసు

ఆదివారం పొద్దున ఆరున్నరకే లేచి స్టవ్ మీద బేస్ గిటార్ తీగలు ఉడకబెట్టాను. ఇది నేను కనిపెట్టిన వంటేం కాదు, బేస్ వాయించేవాళ్లు, ముఖ్యంగా నాలాంటి పిసినారులు, ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. లావు తీగ చుట్టూ సన్న తీగ చుట్టి ఉంటుంది కదా, ఆ సందుల్లో నెలల తరబడి చెమటా వేళ్ల మురికీ పేరుకుని తీగ మూగబోతుంది. మరిగే నీళ్లలో ఓ పది నిమిషాలు ఉంచితే ఆ మురికి వదిలి, కొన్నాళ్లు కొత్తవాటిలా ఖంగుమంటాయి, తర్వాత మళ్లీ మామూలే. కొత్త సెట్టు రెండు వేల పైమాట, గ్యాస్ ఎంత కాలుతుంది చెప్పండి.

అమ్మ వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "ఏంట్రా, సేమ్యానా?" అంది. సేమ్యా కాదని తెలిశాక, అది పాలగిన్నె అని నాకూ తెలిశాక (నిజంగా తెలీదు, గూట్లో ముందు అదే కనబడింది) జరిగిన మాటలు ఇక్కడ రాయను. బూడిదరంగు నీళ్లు సింకులో పారబోసి, గిన్నె మూడుసార్లు తోమి, తీగలు తుడిచి బాల్కనీలో దండెం మీద ఆరేశాను. అమ్మ మాత్రం పాలు వేరే గిన్నెలోనే కాచింది.

అమ్మకి ఈ వాయిద్యం మీద మొదట్నుంచీ చిన్నచూపే. చిన్నప్పుడు రాజమండ్రిలో నాలుగేళ్లు వీణ నేర్చుకుంది. "వీణకి ఏడు తీగలు, మామూలు గిటారుకి ఆరు, నీదానికి నాలుగేనా?" అంటుంది. వీణలోనూ మెట్ల మీద వాయించేవి నాలుగే కదమ్మా, మిగతా మూడూ తాళానికే కదా అంటే, "ఆ మూడైనా ఉన్నాయిగా" అంటుంది. దీనికి జవాబు ఏడేళ్లుగా వెతుకుతున్నాను. నేను బేస్ పట్టుకుంది ముప్పై ఏడో ఏట, ఆఫీసు వాళ్లం నలుగురం కలిసి పాటలు వాయిద్దామనుకున్నప్పుడు, మిగతా ముగ్గురూ మిగతావన్నీ తీసేసుకుంటే నాకు మిగిలింది ఇది. ఇప్పటికీ కుడిచేతి రెండు వేళ్లు సమానంగా నడవవు. చూపుడువేలు పరిగెడుతుంది, మధ్యవేలు ఈడ్చుకుంటూ వస్తుంది. జేమ్స్ జేమర్సన్ అంతటి బేస్ వాద్యకారుడు అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీకి వాయించిన పాటలన్నీ దాదాపు ఒక్క చూపుడువేలితోనే లాగించేశాడట కదా అని ధైర్యం చెప్పుకుంటాను. ఆయన ఆ ఒక్క వేలితో ఏం చేశాడో విన్నాక ఆ ధైర్యం పోతుంది, అది వేరే సంగతి.

అసలు ఈ రోజు గురించి రాయాలనుకుంది బాక్స్ సంగతి.

మూడు వారాలుగా హాల్లో కొత్త స్పీకర్ బాక్స్ ఉంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 12 అంగుళాల స్పీకరు, ముందువైపు కింది మూలలో గాలి ఊపిరి పీల్చుకోవడానికి 4 అంగుళాల పీవీసీ గొట్టం. కోత వడ్రంగి అన్నది, జిగురూ స్క్రూలూ నావి. పోయిన వారం అతుకుల్లో గాలి లీకవుతోందేమో చూద్దామని సన్నగా బేస్ శబ్దం పెట్టి, అంచుల వెంబడి అగరబత్తి తిప్పుతూ పొగ ఎక్కడ చెదురుతుందా అని చూస్తుంటే, ఆదివారంనాడైనా వీడికి దేవుడు గుర్తొచ్చాడని అమ్మ సంబరపడింది. ఆ ఒక్కసారి నేనూ నిజం చెప్పలేదు.

తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, పదింటికి మొదలుపెట్టాను. అబ్బ, ఆ ఖంగు! హాలు మధ్యలో మోడా మీద కూర్చుని అరగంట వాయించానో లేదో బెల్లు మోగింది. కింది ఫ్లోర్ అంకుల్. రిటైరై పదేళ్లయింది, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చేతిలో పేపరు మడత పట్టుకుని "ఏం లేదు బాబూ, మా గిన్నెల స్టాండులో ఒక గ్లాసు నీకు తాళం వేస్తోంది" అన్నారు. వాల్యూమ్ తగ్గిస్తాను అంకుల్ అన్నాను. "తగ్గించినా వేస్తోంది. అన్నిటికీ వెయ్యదు, ఒక్కదానికే వేస్తోంది. మీ ఆంటీ పొద్దుట్నించీ ఏ గ్లాసో పట్టుకోవాలని చూస్తోంది."

ఒక్కదానికే అన్నమాట దగ్గర నా చెవులు నిక్కాయి. తిట్టడానికి వచ్చిన మనిషికి థాంక్స్ చెప్పి చెప్పులేసుకుని ఆయనతోపాటు కిందికి దిగాను. మా ఆవిడకి ఫోన్ చేసి, బాక్స్‌కి నా పాత ఫోన్ తగిలించి, టోన్ యాప్‌లో ఒక్కో అంకే పెంచుకుంటూ పొమ్మన్నాను. 41 అంటే నా లావు తీగని ఉత్తగా మీటితే వచ్చే ఇ స్వరం, సెకనుకి 41 ఊపులు. ఆంటీ స్టాండు ముందు, నేను ఆవిడ వెనక, అంకుల్ తలుపు దగ్గర, ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. 42, 43, 44, ఏమీ లేదు. 45కి స్టాండు సన్నగా జిల్లుమంది. 46కి పై వరసలో అంచు సొట్టపడ్డ స్టీలు గ్లాసు పక్క గ్లాసుని చికచికా కొట్టడం మొదలుపెట్టింది. ఆంటీ దాన్ని ఒక్క దెబ్బలో పట్టేసి "ఇదే! మా పెళ్లినాటిది" అన్నారు, దొంగ దొరికినట్టు. 50 దాటాక నిశ్శబ్దం. కాఫీ తాగి పైకొచ్చాను.

46 అంటే ఎఫ్ షార్ప్, లావు తీగ మీద రెండో ఫ్రెట్, అంటే రెండో మెట్టు. టేపు తీసి హాలు కొలిచాను. ఈ గోడ నుంచి ఆ గోడకి 12 అడుగుల 3 అంగుళాలు. శబ్దపు అల పొడవులో సగం గోడల మధ్య దూరానికి సరిపోతే ఆ స్వరం గదిలో చిక్కుకుని ఊగుతుంది, మా హాలుకి లెక్క కడితే సరిగ్గా 46 దగ్గరే తేలింది. ఇంకో సంగతి ఏంటంటే, ఆ ఊపు గోడల దగ్గర దంచేస్తుంది, గది నడిమధ్యలో దాదాపు ఉండదు. నా మోడా ఎక్కడుంది? నడిమధ్యలో. మూడు వారాలుగా ఇంటిల్లిపాదికీ, కింది ఇంటికీ వినపడుతున్న మోత నా ఒక్కడికే వినపడలేదు! గోడకి ఆనుకుని దివాన్ మీద కూర్చునే అమ్మ "గుండెల్లో కొడుతోందిరా" అంటూనే ఉంది, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాను నేను.

కానీ హాలు కొత్తగా పెరగలేదు కదా, పాత బాక్స్‌తో ఈ గోల లేదు. అంటే కొత్త బాక్స్ కూడా ఆ స్వరాన్నే ఎగదోస్తోందన్నమాట. నేను దాన్ని కట్టింది 40కి, అంటే సెకనుకి 40 ఊపుల దగ్గర గొట్టంలో గాలి బాగా ఊగేలా. స్పీకరు లక్షణాలు కొలిచి, లోపలి గాలి ఎంతుండాలో, గొట్టం ఎంత పొడవుండాలో ముందే కాగితం మీద తేల్చే పద్ధతి ఒకటుంది, నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఆయన 1961లో రాసినదాన్ని తర్వాత రిచర్డ్ స్మాల్ పూర్తిచేశాడు. అంతకుముందు చాలావరకు కోసి, విని, మళ్లీ కోయడమే. నేను వాళ్ల లెక్కే కట్టాను, మూడుసార్లు సరిచూసుకున్నాను కూడా.

బాక్స్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, స్పీకరులో ఊగే పేపరు కోను మీద గుప్పెడు బియ్యం పోశాను. ఇది చూడటానికి చాలా బాగుంటుంది, మా అమ్మాయి కూడా ఫోన్ పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. 70 దగ్గర బియ్యం గంతులేస్తాయి, 60లోనూ గంతులే. ఇంకా కిందికి వస్తున్నకొద్దీ మెల్లగా సద్దుమణుగుతాయి. బాక్స్ ఏ స్వరానికి కట్టి ఉందో అక్కడ పని మొత్తం గొట్టంలోని గాలే చేస్తుంది కాబట్టి పేపరు దాదాపు కదలదు. గొట్టం దగ్గర చెయ్యిపెడితే గాలి ఎగదన్నుతుంటుంది, బియ్యం మాత్రం పళ్లెంలో పోసినట్టు కూర్చుంటాయి. అవి కూర్చోవాల్సింది 40కి. కూర్చున్నది 48కి.

మళ్లీ టేపు. బయట కొలత 50, 40, 30 సెంటీమీటర్లు. నేను రాసిచ్చింది 50, 40, 30. కాకపోతే లోపల.

వడ్రంగి అన్న అడిగాడు. నాకు బాగా గుర్తుంది. ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ చేసి "సార్, ఈ కొలత లోపలిదా, బయటిదా?" అంటే, మ్యూట్‌లో పెట్టి, "రాసిచ్చిందేగా అన్నా, అట్లనే కొయ్" అన్నాను. అట్లనే కోశాడు. అన్ని వైపులా చెక్క మందం లోపలికి పోతే 60 లీటర్లు అనుకున్నది నలభై నాలుగున్నర అయింది, స్పీకరు మాగ్నెట్టూ బలానికి వేసిన బద్దలూ ఇంకో రెండు మూడు తినేశాయి. థీల్, స్మాల్ ఇద్దరూ వచ్చి మా హాల్లో కూర్చున్నా ఏం చేస్తారు, వాళ్ల లెక్కకి లోపలి గాలి కావాలి, నేనిచ్చింది బయటి చెక్క. నిజానికి 48కి కట్టిన బేస్ బాక్స్ తప్పేం కాదు, పెద్ద హాల్లో అయితే ఇంకా బాగుంటుందేమో కూడా. కింది ఇ స్వరంలో మన చెవి పట్టుకునేది ఎక్కువగా దానికి రెట్టింపుగా పలికే 82నే. కానీ మా గదికి 46 పిచ్చి ఉంది, పక్కనే 48 పిచ్చి ఉన్న బాక్స్ తెచ్చిపెట్టాను, పాపం ఆ గ్లాసుని అని ఏం లాభం.

బాక్స్ పెంచలేను కాబట్టి గొట్టం పెంచాలి. ఇప్పుడున్నది దాదాపు 19 సెంటీమీటర్లు, కావాల్సింది సుమారు 30, లోపల లోతు చూస్తే 26. వెనక చెక్కకి తగిలేస్తుంది. ఎల్బో పెట్టి పక్కకి తిప్పడమొక్కటే దారి. ఆదివారం కదా, మా మల్కాజిగిరిలో ప్లంబింగ్ షాపు ఒంటిగంటకే మూసేస్తాడని స్కూటర్ మీద పరిగెత్తాను. నాలుగించుల ఎల్బో అన్నాను. "బాత్రూమ్‌కా సార్, వాన నీళ్లకా?" అన్నాడు. పాటలకి అందామనుకుని, వాన నీళ్లకే అన్నాను. "అయితే జాలీ కూడా తీస్కోండి, ఎలుకలొస్తయ్" అన్నాడు. ఆలోచిస్తే అది మంచి మాటే, తీసుకున్నాను.

పాత గొట్టం ఊడబెరకడానికే గంటన్నర పట్టింది. నేను పెట్టిన ఎంసీల్ నాకే లొంగలేదు, ఉలి జారి ముందు చెక్క మీద వేలెడు గీత పడింది. రంగు వేశాక కనబడదని మా ఆవిడ అంది, నాకు కనబడుతుంది. సాయంత్రానికి గొట్టానికి ఎల్బో అతికించి, ఆ గొట్టాన్ని ఆరడానికి బాల్కనీలో పెట్టాను. శనివారం ప్రాక్టీసు ఉంది, పొద్దున వాయించాల్సింది సగంలో ఆగింది, ఊరుకోబుద్ధి కాలేదు. గొట్టం ఉండే బెజ్జంలో పాత లుంగీ ఉండచుట్టి కుక్కి బిగించాను, అప్పుడది మూసిన బాక్స్ అవుతుంది, అడుగు బేస్ పల్చబడుతుంది కానీ మోత ఉండదు. మోడా తీసేసి ఈసారి గోడ పక్కన, దివాన్ మీద అమ్మ పక్కనే కూర్చుని రెండో ఫ్రెట్ పట్టి మీటాను. బాగానే ఉంది, మిగతా స్వరాల్లాగే ఉంది. ఒకటికి నాలుగుసార్లు మీటి, కిందికి ఫోన్ చేస్తే అంకుల్ గ్లాసు కదల్లేదన్నారు, ఆంటీ దాన్ని ముందుజాగ్రత్తగా బీరువాలో పెట్టారని తర్వాత చెప్పారు.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా, "ఇప్పుడు హాయిగా ఉందిరా, ఏమీ వినపడట్లేదు" అంది.