వింటన్ ల్యాబ్‌లో డైనోసార్ ఎముక శుభ్రం చేయడం: నా అనుభవం

డైనోసార్ ఎముకను చేత్తో ముట్టుకోవాలంటే ఆ చదువే చదివి ఉండాలని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం లోపలి ప్రాంతంలో, వింటన్ ఊరికి దగ్గర్లో ఉన్న 'ఆస్ట్రేలియన్ ఏజ్ ఆఫ్ డైనోసార్స్' మ్యూజియం మాత్రం మామూలు జనానికీ ఆ పని నేర్పుతుంది. ఫీజు కట్టి ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు, ల్యాబ్‌లో కూర్చోబెడతారు. మేముండే బ్రిస్బేన్ నుంచి రోడ్డు మీద 1,300 కిలోమీటర్ల పైమాటే. చీకటి పడితే కంగారూలు అడ్డం వస్తాయని పగలే కారు నడుపుతూ, రాత్రిళ్లు ఆగుతూ వెళ్లాం.

మాది నంద్యాల వైపు. లాంగ్‌రీచ్ దాటాక నెర్రెలిచ్చిన నల్లనేల కనబడితే మా శనగ చేలు గుర్తొచ్చాయి. ఇక్కడ ఎముకలు బయటపడటానికి కారణం కూడా ఆ నేలే. వానకు ఉబ్బుతూ, ఎండకు కుంచించుకుపోతూ, అడుగున ఉన్న రాళ్లను, ఎముక ముక్కలను మెల్లగా పైకి నెడుతుంది. 1999లో డేవిడ్ ఎలియట్ అనే రైతు తమ బెల్మాంట్ పొలంలో గొర్రెలను తోలుతుండగా అలాంటి ముక్కే కంటబడింది. సుమారు 9.5 కోట్ల ఏళ్ల నాటి సారోపాడ్ (పొడవాటి మెడ ఉండే భారీ శాకాహార డైనోసార్) తొడ ఎముక అది. ఆయన, భార్య జూడీ కలిసి 2002లో మొదలుపెట్టిన సంస్థే ఈ మ్యూజియం.

తవ్వకాల్లో దొరికిన ఎముకను చుట్టూ ఉన్న మట్టితో సహా ప్లాస్టర్ కట్టు కట్టి తెస్తారు, చెయ్యి విరిగితే వేసే పిండికట్టులాగే. ఎప్పుడో తెచ్చిన కట్లు కూడా తమ వంతు కోసం అరల్లో ఎదురుచూస్తున్నాయి. నాకు సారోపాడ్ పక్కటెముక ముక్క ఒకటి ఇచ్చారు. పరికరం పేరు ఎయిర్ స్క్రైబ్. గాలి ఒత్తిడితో దాని సూదిమొన టకటకా కొట్టుకుంటుంది, అరచెయ్యి జివ్వుమంటుంది. మొనను నిటారుగా ఆనిస్తే ఎముకకు గాటు పడుతుంది. వాలుగా పట్టుకుని, ఎముకకు కాస్త ఎడంగా రాయిని మాత్రమే కొట్టాలి. మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. రాయేదో ఎముకేదో తెలిసేది కాదు. తర్వాత కన్ను అలవాటు పడింది: ఎముక నునుపుగా, కొంచెం ముదురు రంగులో ఉంటుంది, విరిగిన చోట స్పాంజిలా సన్నటి రంధ్రాలు కనబడతాయి. సరైన చోట తగిలితే రాయి పెచ్చులా ఊడి వస్తుంది. ఆ పెచ్చు కింద ఉన్నదాన్ని నాకంటే ముందు ఏ మనిషీ చూడలేదు! ఆ ఆనందం ఎంత చెప్పినా తక్కువే. సాయంత్రానికి శుభ్రమైంది అరచేయంత మేర మాత్రమే.

మేం పనిచేస్తుంటే పర్యాటకులు బృందాలుగా వచ్చి చూసేవారు. వాళ్ల టికెట్ డబ్బు, మాలాంటివాళ్ల శ్రమ, రెండూ ఉంటేనే ఈ పని సాగుతుంది. 2006లో ఒకేచోట దొరికి, 2009లో శాస్త్రీయ నామాలు పొందిన మాంసాహార డైనోసార్ ఆస్ట్రలోవెనేటర్ (ముద్దుపేరు 'బాంజో'), సారోపాడ్ డయమాంటినాసారస్ (ముద్దుపేరు 'మటిల్డా')ల అసలు ఎముకలు ఇక్కడే ఉన్నాయి. వాటిని పెద్ద నగరానికి తరలించకపోవడం నాకు బాగా నచ్చింది. మన పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూస్తాం. నగరం పిల్లలు చూడటం మంచిదే. కానీ ఆ ఊరి పిల్లలకూ తమ దగ్గరే ఒక ప్రదర్శనశాల, ఇలాంటి ల్యాబ్ ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లు ల్యాబ్ తేదీలు ఖరారయ్యాకే ఊళ్లో గది తీసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, పర్యాటకుల సీజన్ కూడా. ఒక రోజు మిగిలితే 110 కిలోమీటర్ల దూరంలోని లార్క్ క్వారీకి వెళ్లండి, ఒకే రాతిపలక మీద 3,000కు పైగా డైనోసార్ అడుగుజాడలున్నాయి. దారిలో కొంత మట్టిరోడ్డు ఉంది కాబట్టి పెట్రోలు, మంచినీళ్లు వింటన్‌లోనే నింపుకోండి. వాన పడితే మాత్రం రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోకుండా బయల్దేరవద్దు.