కిరాయి ఇంటి గురించి ఓనర్ ముందే చెప్పాల్సినవి

మా మహారాష్ట్ర చంద్రపూర్, బల్లార్షా సైడ్ ఇల్లు చూడబోతే మనోళ్లు అడిగేది కిరాయి ఎంత, డిపాజిట్ ఎంత, మహా అయితే నల్లా నీళ్లు ఏ టైముకొస్తయ్ అని. అంతే. ఇంట్ల ఉన్న లోపం ఓనరే ముందు చెప్పాలని చట్టంల ఉందంటే నవ్వుతరు, కానీ ఉంది, అదీ 1882 నుంచి.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 108 ప్రకారం, ఇంట్ల ఉండటానికి అడ్డొచ్చే పెద్ద లోపం ఓనర్‌కి తెలిసి, మనకు తెల్వక, మామూలుగా చూస్తే కనపడనిదైతే ఆయన చెప్పి తీరాలె, అగ్రిమెంట్‌ల వేరేగా రాసుకుంటే తప్ప. అయితే మహారాష్ట్రల మనతోని ఎక్కువగా రాయించేది లీజు కాదు, లీవ్ అండ్ లైసెన్స్, అంటే ఇంటి మీద హక్కు ఇయ్యకుండ ఉండటానికి పర్మిషన్ మాత్రమే ఇచ్చే కాగితం. దానికి అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ యాక్ట్ సెక్షన్ 57 పట్టుకోవాలె, అందుల మనిషికో సామానుకో ప్రమాదమయ్యే లోపం చెప్తే చాలు. అంటే వరద నీళ్లు లోపలికొచ్చే సంగతి చెప్పాలె, బోరు నీళ్లు ఉప్పగుంటయని చెప్పకపోయినా ఓనర్‌ని పట్టుకోలేం. నాకైతే ఇది ఓనర్లకు అనుకూలంగనే అనిపిస్తది.

మొన్న ఎండల్ల మా మరదలోళ్ల కోసం ఇరయి నది దిక్కు ఒక ఇల్లు చూసినం. కొత్తగా సున్నం కొట్టిన్రు, గోడ మీద మరకన్నది లేదు, కానీ స్విచ్ బోర్డులన్నీ తల ఎత్తుల ఉన్నయ్, ఫ్రిజ్ పెట్టే కాడ నడుం దాకా ఇటుకల దిమ్మె. ఇదేందని అడిగితే ఓనర్ నోరు మెదపలే, పక్కింటి తెలుగు అవ్వ మాత్రం "వానాకాలం మంచాలు దాబా మీదనే బిడ్డా" అన్నది. ఇంక మాకు అర్థమైపోయింది.

మా జిల్లాల నీళ్లొక్కటే కాదు, నేల కూడా చూసుకోవాలె. 2022 ఆగస్టుల ఘుగ్గూస్‌ల ఒక ఇల్లు ఇల్లే భూమిల దిగిపోయింది, కింద పాత బొగ్గు గని. అట్లాంటి జాగల గోడ పగుళ్లకు సిమెంట్ పూసి కిరాయికిస్తే చిన్న విషయమా?

అమెరికాలనైతే 1978 కంటే ముందు కట్టిన ఇంట్ల సీసం పెయింట్ గురించి తెలిసింది కాగితం మీద రాసిచ్చి కిరాయిదారు సంతకం తీసుకోవాలట, మన దగ్గర అట్లాంటి ఫారం లేదు కాబట్టి మనమే అడిగి అగ్రిమెంట్‌ల ఒక లైన్ రాయించుకోవాలె, ఇంట్లకు వరద నీళ్లు రాలేదు, గని కుంగుడు నాకు తెలిసినంతల లేదు అని. ఓనర్ రాయనంటే అదే జవాబు.

అగ్రిమెంట్ పదకొండు నెలలదే కదా రిజిస్ట్రేషన్ ఎందుకు అనే ఏజెంట్ మాట ఇక్కడ చెల్లదు. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ యాక్ట్ 1999 సెక్షన్ 55 ప్రకారం ఎన్ని నెలలదైనా రాతల ఉండాలె, రిజిస్టర్ కావాలె, ఆ బాధ్యత ఓనర్‌దే. చేయకపోతే మూడు నెలల దాకా జైలో, 5,000 దాకా జరిమానానో, రెండూనో. పైగా రిజిస్టర్ కాకుంటే షరతుల మీద గొడవైనప్పుడు, కాదని రుజువయ్యేదాకా కిరాయిదారు చెప్పిందే లెక్క. ఈ ముక్క ఓనర్‌కి మెల్లగా చెప్పి చూడండి, చాలామంది ఆ వారంలనే రిజిస్ట్రేషన్‌కి తయారైతరు.