మేడ మీద వీల్యాన్: నాలుగు బైట్ల తగువు

మా ఇంటి నెట్‌వర్క్‌లో మూడు వారాంతాలుగా నాతో ఆడుకున్న లోపం నిన్న రాత్రి పదకొండు గంటలకు దొరికింది. దొరికిన చోటు చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు కాబట్టి, కోపం చల్లారకముందే అంతా వరసగా రాసి పెట్టుకుంటున్నాను.

కింది అంతస్తు పని గంటలో అయిపోయింది. మినీ పీసీ మీద ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (దాన్ని రౌటర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్), దాని కింద ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్, మా ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ 10వ వీల్యాన్ (అవే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్), మేడ మీద అమ్మానాన్నలకు 20, కెమెరాలకూ రికార్డరుకూ 30. మేడ మీద ఐదు పోర్టుల స్మార్ట్ స్విచ్ ఒకటి పెట్టి, రెండు స్విచ్‌ల మధ్య గోడలోంచి వెళ్లే ఒకే ఒక్క కేబుల్ మీద 10ని ట్యాగ్ (ఏ వీల్యాన్‌దో చెప్పే నాలుగు బైట్ల గుర్తు) లేకుండానూ, 20, 30లను ట్యాగ్‌తోనూ పంపాను. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ నిర్వహణ 10లోనే ఉంది కాబట్టి అలా చేశాను.

మేడ మీద నాన్నగారి ఫోనుకు 20వ వీల్యాన్‌లో ఐపీ చిరునామా వెంటనే వచ్చింది, పింగ్ (దారి ఉందో లేదో చూసే పరీక్ష ప్యాకెట్) తడుముకోకుండా తిరిగి వచ్చింది, యూట్యూబ్ హాయిగా ఆడింది. స్క్రూడ్రైవర్లు సర్దుకుంటూ ఉండగా ఆయన మెట్లు దిగి వచ్చి, “ఒరేయ్, వాట్సాప్‌లో మెసేజీలు వస్తున్నాయి గానీ ఫోటోలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. బ్యాంకు యాప్ అసలు తెరుచుకోవడమే లేదు. ఏం కెలికావు?” అన్నారు. వెళ్లి చూస్తే మేడ మీది కెమెరాలదీ అదే వరస: లాగిన్ పేజీ వస్తుంది, రికార్డరు కూడా ‘కనెక్టెడ్’ అనే అంటుంది, బొమ్మ మాత్రం రాదు. అదే గదిలో 10వ వీల్యాన్ వైఫైకి మారితే అన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

ఇలాంటప్పుడు అందరూ ముందు అనుమానించేది పీవీఐడీనే (ట్యాగ్ లేకుండా పోర్టులోకి వచ్చినదాన్ని ఏ వీల్యాన్‌లో వేయాలో చెప్పే సంఖ్య) కాబట్టి నేనూ రెండు స్విచ్‌లలో పట్టికలను కాగితం మీద రాసుకుని పోర్టు పోర్టుకూ సరిచూశాను. ధర తక్కువ స్మార్ట్ స్విచ్‌లలో వీల్యాన్ సభ్యత్వం ఒక పేజీలో, పీవీఐడీ మరో పేజీలో పెట్టే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. ఒకటి మార్చి రెండోది మరిచిపోవడానికే అలా పెట్టినట్టు ఉంటుంది. కానీ ఈసారి తప్పు అక్కడ లేదు. ఫైర్‌వాల్ నియమాలన్నీ తీసేసి చూశాను, డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టేది) మార్చి చూశాను, ఫలితం లేదు. యూట్యూబ్ ఆడుతూ ఉండటం నన్ను బాగా తప్పుదారి పట్టించింది. వీడియోనే వస్తున్నప్పుడు దారి బాగానే ఉందనీ, లోపం యాప్‌లలోనో పేర్ల వెతుకులాటలోనో ఉందనీ వారం రోజులు నమ్మాను.

రెండో వారాంతంలో ల్యాప్‌టాప్‌ను మేడ మీద 30వ వీల్యాన్ పోర్టుకు తగిలించి, ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దనే గుర్తుతో రౌటర్‌కు పింగ్ చేస్తూ పరిమాణం పెంచుకుంటూ పోయాను. 1400 వెళ్లింది, 1472 పోలేదు. మధ్యలో సగం సగం చేసుకుంటూ వెళ్తే గీత ఒక్క బైటు దగ్గర తేలింది: 1468తో 200 పంపితే 200 తిరిగి వచ్చాయి, 1469తో 200 పంపితే ఒక్కటీ రాలేదు. 10వ వీల్యాన్‌లో ఇదే పరీక్ష 1472 వరకూ సాఫీగా సాగింది. లెక్క వేసుకుంటే 1468కి ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) శీర్షిక 8, ఐపీ శీర్షిక 20 కలిపి 1496, దానికి ఈథర్నెట్ శీర్షికా చివరి సరిచూపూ కలిపి 18, వీల్యాన్ ట్యాగ్ 4, మొత్తం సరిగ్గా 1518. అంటే ట్యాగ్‌లు పుట్టకముందు ఈథర్నెట్ ఫ్రేముకు (కేబుల్ మీద వెళ్లే డేటా మూటకు) ఉన్న పాత గరిష్ఠ పరిమితిని ఎవరో ఇంకా పట్టుకుని కూర్చున్నారు. ట్యాగ్ కోసం ఆ పరిమితిని 1522కు పెంచింది 1998లో.

యూట్యూబ్ చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోయింది. అది ఎక్కువగా క్విక్ మీద, అంటే టీసీపీ మీద కాకుండా యూడీపీ అనే మరో రవాణా పద్ధతి మీద నడుస్తుంది, దాని ప్యాకెట్లు మామూలుగా ఈ గీత కంటే చిన్నవిగానే ఉంటాయి. ఫోటోలూ బ్యాంకు సర్వర్ సర్టిఫికెట్టూ టీసీపీలో నిండు ప్యాకెట్లుగా వచ్చి, చెప్పాపెట్టకుండా మాయమవుతున్నాయి. రౌటర్ అయితే ‘పెద్దదిగా ఉంది’ అని తిరుగు కబురు పంపేది. రెండో పొరలో, అంటే స్విచ్‌ల స్థాయిలో, పడేసేవాడు ఎవరికీ ఏమీ చెప్పడు.

తాత్కాలికంగా రౌటర్‌లో 20, 30 వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లకు ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1496గా పెట్టి, టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటాను) 1456కు కట్టేశాను. నాన్నగారి ఫోను వెంటనే దారిలోకి వచ్చింది. కెమెరాలు మాత్రం రాలేదు, రావు కూడా: కెమెరా, రికార్డరు రెండూ 30లోనే ఉన్నాయి, వాటి మాటలు రౌటర్ దాకా వెళ్లనే వెళ్లవు. అప్పుడు అనుమానం రెండు స్విచ్‌ల మీదా, వాటి మధ్య కేబుల్ మీదా నిలిచింది.

స్విచ్‌లను అడ్డు తొలగించడానికి రెండింటినీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి మీటరు ప్యాచ్ కేబుల్‌తో కలిపాను. 1472 గంతులేసుకుంటూ వెళ్లింది. మళ్లీ గోడలోని కేబుల్‌కు తగిలిస్తే 1468. కేబుల్ ఎక్కడైనా బైట్లు లెక్కపెడుతుందా? ఆ లింక్ 100 ఎంబీపీఎస్ దగ్గరే నిలబడటం నాకు ఏనాటి నుంచో తెలుసు, రెండు జతలు తెగి ఉంటాయని సరిపెట్టుకున్నాను. అందుకని రెండు కొసలకూ రెండుసార్లు కొత్త కనెక్టర్లు క్రింప్ చేశాను. ఏమీ మారలేదు.

చివరికి స్విచ్‌ల లెక్కల పేజీ తెరిచాను. కెమెరాలన్నీ ఊడదీసి, మేడ మీది ల్యాప్‌టాప్ నుంచి 1472 పరిమాణంతో 1000 పింగ్‌లు పంపితే, పై స్విచ్ 1046 ఫ్రేములు పంపానంది, కింది స్విచ్ 44 అందాయంది. రెండు వైపులా లోపాల గడిలో సున్నా. కేబుల్ పాడైతే అందుకునే వైపు చెడ్డ ఫ్రేములు లెక్కలో కనిపించాలి. ఇక్కడ వెయ్యి ఫ్రేములు చెడిపోకుండానే మాయమయ్యాయి.

నిన్న రాత్రి, మూడోసారి క్రింప్ చేద్దామని మేడ మీద కేబుల్ కొస లాగేసి, కింద స్విచ్ దగ్గర ఉన్న మా ఆవిడను లైటు ఆరిందా అని అడిగాను. “పైన తీసేశారా? ఇక్కడ వెలుగుతూనే ఉందండీ” అంది. రెండో కొస చేతిలో పట్టుకుని ఉన్నాను, మొదటి కొసన పచ్చ లైటు వెలుగుతోంది.

టార్చి పట్టుకుని మెట్ల పైనున్న అటక ఎక్కాను. పాత ట్రంకు పెట్టె వెనక, గోడకు ఆనించి, ఐదు పోర్టుల పాత మామూలు స్విచ్, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కూర్చుని ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. పేరున్న స్టిక్కరు సగం ఊడిపోయింది, గాలి రంధ్రాల మీద బూజు, పక్కనే రెండు బల్లి గుడ్ల పెంకులు. కింది కేబుల్ ఒక పోర్టులోకి, పై కేబుల్ మరో పోర్టులోకి. ఏళ్ల క్రితం కెమెరాల వైరింగ్ చేసినాయన కేబుల్ చాలక రెండు ముక్కలను ఈ డబ్బాతో అతికించి, అడాప్టరును అటకలోని సాకెట్‌కు తగిలించి, మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. ట్యాగ్‌లు లేనన్నాళ్లూ 1518 దాటే అవసరం రాలేదు కాబట్టి అది తన ఉనికిని బయటపెట్టలేదు.

డబ్బా తీసేసి రెండు కొసలను కప్లర్‌తో కలిపాను. లింక్ 1000కి ఎక్కింది, 1472 వెళ్లింది, కెమెరాలు వచ్చాయి, రౌటర్‌లో కట్టిన కట్లన్నీ విప్పేశాను.

కప్లర్ మీద నాకు నమ్మకం లేదు, అటకలో వేసవి వేడికి అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. అందుకే దారి కొలిచాను, వంపులతో కలిపి 22 మీటర్లు వచ్చింది. వచ్చే ఆదివారం 25 మీటర్ల క్యాట్6 ఒకే ముక్కగా లాగుతాను. ఫినోలెక్స్ అయినా డీ-లింక్ అయినా ఫర్వాలేదు గానీ అచ్చమైన రాగి కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఎంత చవకైనా కొనను, ఎందుకంటే తర్వాత మేడ మీదకు పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది) తెచ్చి కెమెరాల అడాప్టర్లన్నీ తీసేయాలని ఉంది. ఆ స్విచ్‌గా మైక్రోటిక్ తీసుకుందామా అని ఊగిసలాడుతున్నాను: దాని బ్రిడ్జ్ వీల్యాన్ ఫిల్టరింగ్ (అందులో వీల్యాన్‌లు అమర్చే పద్ధతి) మొదటిసారి చేసేవారు తమను తాము బయట పెట్టుకుని తాళం వేసుకోవడం ఖాయం, కానీ ప్యాకెట్లను అక్కడికక్కడే పట్టి చూపించే సదుపాయం ఉంటే నాకు ఈ మూడు వారాంతాల్లో ఒకటైనా మిగిలేదేమో. దానికంటే ముందు, 20వ వీల్యాన్‌లో ఉన్న నాన్నగారి టీవీ 10లో ఉన్న మా ఫోన్లకు కనిపించడం లేదు. రౌటర్ మీద అవాహీ రిఫ్లెక్టర్ (పరికరాల ఉనికి ప్రకటనలను ఒక వీల్యాన్ నుంచి మరోదానికి చేరవేసేది) పెట్టి చూడాలి.