కొలిచాకే కొనండి: తక్కువ డబ్బుతో పాత కారు సొంత రిపేరు

పాత కారు రిపేరులో డబ్బంతా ఎక్కడ పోతోందని అడిగితే చాలామంది సామాన్ల ధరలు చూపిస్తారు. నిజానికి అక్కర్లేని సామాన్లు కొనడంలోనే ఎక్కువ పోతుంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ వేస్తారు. తీరకపోతే సెల్ఫ్ మోటారు మారుస్తారు. చివరికి తేలేదేమిటంటే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు చివర తుప్పు పట్టిందని. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే అయిపోయే పనికి రెండు పెద్ద సామాన్లు దండగ. అందుకే డబ్బు కొద్దిగా ఉన్నవాళ్లు ముందుగా కొనాల్సింది వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్. చౌకరకమైనా చాలు.

అంతకంటే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. స్క్రూడ్రైవర్, టార్చిలైటు పట్టుకుని బండి అడుగు చూడాలి. డోర్ల కింది సిల్లులు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బాడీకి తగులుకునే చోట్లు ముఖ్యం. పిడితో తట్టితే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు బొదబొదమంటుంది. మొనతో నొక్కితే లోపలికి దిగిపోయిందంటే వెల్డింగ్ తప్పదు. బ్రేకు పైపులను మాత్రం పొడవకుండా, తుడిచి చూడండి. బానెట్ అంచున తుప్పు ఉంటే చూడ్డానికి బాగోదు, అంతే. సస్పెన్షన్ పట్టుకునే చోట రేకు పొడిగా రాలుతుంటే మాత్రం ఆ బండి ఇంజను మీద ఖర్చు పెట్టడం ఆపేయాలి.

బాడీ గట్టిగానే ఉందనుకుందాం. ఇక వరుస: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు మొదట. ఇంజనును చంపేసేవి, అంటే కూలింగ్, ఆయిల్, టైమింగ్ బెల్టు, రెండోది. బండి సాఫీగా నడవడం మూడోది. పెయింటు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఆఖరున. చాలామంది ఈ వరుసను సరిగ్గా తలకిందులు చేస్తారు.

మల్టీమీటర్‌తో చేసే పని ఇదీ. బండి రాత్రంతా ఆగాక బ్యాటరీ కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది, 12.2 అంటే దాదాపు సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ కిందే లెక్క. ఛార్జి నిండుగా ఉన్నప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు మీటరు చూడాలి. మరీ చలి లేని రోజున 9.6 కిందికి పడిపోతే బ్యాటరీ అనుమానించాల్సిందే. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే బెల్టు జారుతోందా, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వెనక వైరు వదులైందా చూశాకే ఆల్టర్నేటర్ సంగతి. 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇప్పుడు ఎర్త్ వైరు. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోల్ మీద (క్లాంపు మీద కాదు, సీసం పోల్ మీదే), రెండోది ఇంజను బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. అలాగే పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు దాకా కొలిస్తే 0.5 దాటకూడదు. ఈ పనికి ఓమ్స్‌లో (అంటే వైరు నిరోధం) కొలిస్తే మోసపోతాం. లోపల ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా దగ్గరే చూపిస్తుంది, కానీ ఆ ఒక్క పోగు సెల్ఫ్‌కు కావాల్సిన వంద పైచిలుకు ఆంపియర్లను మోయలేదు. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే నెగటివ్ కేబుల్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, కేబుల్‌కూ పోల్‌కూ మధ్య కలపాలి. బండి లాక్ చేసి అరగంట ఆగాలి. లోపలి కంట్రోల్ యూనిట్లు నిద్రపోయేదాకా వచ్చే అంకెకు విలువ లేదు. ఆ తర్వాత కూడా 50 మిల్లీఆంపియర్లు దాటుతుంటే ఒక్కో ఫ్యూజ్ పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో తప్పు ఆ లైన్లోనే ఉంది. డిక్కీ లైటు, బయటి నుంచి కొన్న స్టీరియో, అలారం: దొంగలు సాధారణంగా ఈ ముగ్గురే. మీటరు కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్లోని ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

బండి ఎత్తే ముందు ఒక మాట. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. కిందికి దూరే ముందు జాకీ స్టాండ్లు పెట్టాల్సిందే. నేల గట్టిగా, సమంగా ఉండాలి. నేల మీదున్న చక్రాలకు దొర్లకుండా అడ్డు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. స్టాండ్ల మీద పెట్టాక బండిని పక్కకు గట్టిగా ఊపి చూడండి. పడేదేదో మీరు కింద లేనప్పుడే పడాలి.

బ్రేకులు కొత్తవాళ్లు అనుకున్నంత కష్టం కాదు. ప్యాడ్ మెటీరియల్ 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. డిస్కు కనీస మందం డిస్కు మీదే అచ్చుపోసి ఉంటుంది. ఎప్పుడూ రెండు వైపులా జతగానే మార్చాలి. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగితే కొత్త ప్యాడ్లు వేసి సంతోషించకండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) స్లైడ్ పిన్లు బిగుసుకునో, పిస్టన్ వెనక్కి రాకో అలా అవుతుంది, కొత్తవీ అలాగే పోతాయి. పిన్లు తీసి, శుభ్రం చేసి, బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. కాలిపర్‌ను హోస్ మీద వేలాడదీయకుండా వైరుతో స్ప్రింగుకు కట్టాలి. పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది. ముందే కొంచెం తీసేయాలి, అది పడితే పెయింటు లేచిపోతుంది. హ్యాండ్ బ్రేకు కూడా ఉన్న వెనక కాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, నెడితే లోపలి యంత్రాంగం విరుగుతుంది. అన్నీ బిగించాక, బండి కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి తొక్కుడుకు అది నేల దాకా పోతుంది.

బ్రేకు వదిలినా చక్రం పట్టేసి ఉంటే కాలిపర్ మీద గాలి తీసే బ్లీడర్ నిపుల్ కాస్త వదులు చేసి చూడండి. చక్రం తిరిగిందంటే ఒత్తిడి లోపల చిక్కుకుంది: రబ్బరు హోస్ లోపల వాచి మూసుకుపోయి ఉండొచ్చు, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఒత్తిడిని వదలకపోవచ్చు. హోస్‌కు ఎగువన, ఇనుప పైపు జాయింటు దగ్గర వదులు చేసినా తిరగకుండా, నిపుల్ దగ్గర వదిలితేనే తిరిగితే హోస్‌దే తప్పు. నిపుల్ వదిలినా తిరగకపోతే కాలిపర్‌దే. ఇక్కడే ఊహించి కొనేవాళ్లు కాలిపర్ కొంటారు, పోయింది మాత్రం హోస్.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీసం 155కు దిగుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కకుండా కింద చెక్కముక్క పెట్టండి. ఏళ్ల తరబడి సీళ్లు నడవని చోట మాస్టర్ సిలిండర్ లోపల గార పేరుకుని ఉంటుంది. అక్కడిదాకా తొక్కితే సీళ్లు కోసుకుపోయి, నిన్నటిదాకా బాగున్న సిలిండర్ ఇవాళ పోతుంది.

ఇంజను వేడెక్కడంలో ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం సమాధానం. ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం అందుకోగానే దిగిపోతే ఫ్యాన్, దాని రిలే, స్విచ్ చూడాలి. ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ పూడుకుంది, లేదా నీళ్ల ప్రవాహం తగ్గింది. ఎంతసేపటికీ వేడెక్కకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడొచ్చు. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే ఉంటుంది, సాధారణంగా 82 నుంచి 88. రేడియేటర్ మూత చిన్న సామానే, కానీ పని పెద్దది. అది సుమారు 1 బార్ ఒత్తిడి ఆపితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు నీరసిస్తే ముందే పొంగుతుంది. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత తీయొద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకే రకం అనుకోకండి. అనుమానముంటే మొత్తం కడిగి కొత్తది పోయడమే. తీసిన కూలెంట్ విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ తాగుతాయి. మూసి పెట్టాలి.

ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని గుండె జారిపోనక్కర్లేదు. చలిలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే బండికి అది తేమ వల్లే వస్తుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలిపోయిందా, కూలెంట్ తగ్గుతోందా, రేడియేటర్లో ఆగకుండా బుడగలు వస్తున్నాయా చూడాలి.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనై, అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోవాలి. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్టుతోపాటు టెన్షనర్, బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా మార్చాలి, విప్పే శ్రమ ఒకటే కదా. గుర్తులు కలిపి బిగించాక క్రాంకును చేత్తో, పానాతో, రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయా చూడాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయకండి.

ఇంజను కొట్టుకుంటూ నడుస్తుంటే ప్లగ్గులు విప్పి వరసగా పేర్చి చూడండి. లేత గోధుమ రంగు బాగున్నట్టు. పొడి నల్లమసి అంటే పెట్రోలు ఎక్కువైంది. జిడ్డు నలుపు అంటే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో ఆయిల్ వదులుతున్నాయి. తెల్లగా పొక్కితే మరీ వేడి. అల్యూమినియం హెడ్ అయితే ఇంజను చల్లారాకే విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు ప్లగ్గు వెనక రబ్బరు గొట్టం తొడిగి వేళ్లతో తిప్పండి. మర అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది, హెడ్ పాడవదు. వాషరున్న కొత్త ప్లగ్గు వాషరు తగిలాక అర చుట్టు చాలు.

కంప్రెషన్ చూడాలంటే అన్ని ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. పెట్రోలు ఇంజన్లలో సుమారు 10 నుంచి 14 బార్లు వస్తుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి తక్కువుంటే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి నడుమ గ్యాస్కెట్ పోయిందనుకోవచ్చు.

ఇంజను తప్పుల కోడ్లు చదివే ఓబీడీ పోర్టు ఉన్న బండైతే (అమెరికాలో 1996 నుంచి, యూరప్ పెట్రోలు కార్లలో 2001 నుంచి తప్పనిసరి) చవక బ్లూటూత్ రీడరు చాలు. కోడ్ చెప్పేది లక్షణం, సామాను పేరు కాదు. పీ0171 (గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదు) వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ కొనకుండా ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజను కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, చూడండి. ఐడ్లింగ్‌లో 10 శాతం పైన ఉండి 2,500 ఆర్పీఎమ్‌కు మామూలుకొస్తే వాక్యూమ్ గొట్టమో, ఇన్‌టేక్ గ్యాస్కెట్టో గాలి పీలుస్తోంది. ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ మీద పెరిగితే పెట్రోలు ఫిల్టరు, పెట్రోలు పంపు చూడాలి. గాలి ఎక్కడ పీలుస్తోందో కనిపెట్టడానికి కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టేవాళ్లున్నారు. వేడి ఇంజను మీద అది మంటలకు పిలుపే. ముందు గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి, వంచి పగుళ్లు చూడండి.

తుప్పు పట్టిన బోల్టు తెగితే చిన్న పని కాస్తా పెద్దదవుతుంది. ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయాలి. పన్నెండు మూలల సాకెట్ వదిలేసి ఆరు మూలలది వాడాలి. తల మీద సుత్తితో కొట్టి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, ఇలా అటూ ఇటూ ఆడించాలి.

సెకండ్‌హ్యాండ్ సామాన్లలో డోర్లు, అద్దాలు, లైట్లు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు నిశ్చింతగా కొనొచ్చు. బ్రేకు సామాన్లు, రబ్బరు హోస్‌లు, బెల్టులు, సీటు బెల్టులు కొత్తవే కావాలి. పాత టైరైతే పక్కగోడ మీది నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. గ్రిప్ ఎంతున్నా గోడలో పగుళ్లుంటే వద్దు.

ఎయిర్‌బ్యాగ్ విప్పడం, ఏసీ గ్యాస్, సస్పెన్షన్ పట్టుకునే చోట వెల్డింగ్, వీల్ అలైన్‌మెంట్ బయట చేయించుకోండి. స్ప్రింగును అదిమి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా సస్పెన్షన్ స్ప్రింగ్ మార్చే పని కూడా అంతే. చక్రాలు విప్పిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో నట్లు మళ్లీ చూడాలి. ఎన్ని న్యూటన్ మీటర్లో బండి మాన్యువల్‌లో ఉంటుంది.