అమ్మ చెప్పిన వేడి

సింహాచలం గిరిప్రదక్షిణ చేసి వచ్చిన మూడో రోజు పొద్దున్నే కింది పెదవి చివర చురుక్కుమంది. ఇంకో పూటలో నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయని తెలుసు. 32 కిలోమీటర్ల నడక, ఉక్కపోత, నిద్ర లేదు. జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రంలో తడుపుకున్న కాళ్లు కూడా అప్పుడే మళ్లీ మండాయి. అమ్మ నా మొహం చూసి, "ఏటే, మళ్లీ వేడి చేసిందా? మజ్జిగ తాగు" అంది.

మోకాళ్ల నొప్పికని అప్పటికే ఐబుప్రొఫెన్ వేసుకుంటున్నాను. ఈసారి పొక్కులు చిన్నగా వచ్చి తొందరగా మాడిపోయాయి. నొప్పి మాత్ర మహిమా? రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ఈ పొక్కులు తెచ్చే వైరస్ పేరు హెర్పిస్ సింప్లెక్స్. ఒకసారి ఒంట్లో చేరితే పోదు. పుర్రె లోపల ఒక నరాల ముడిలో నిద్రపోతుంది. జ్వరమో ఎండో అలసటో లేపితే, ఆ నరం పట్టుకునే పెదవి దాకా దిగివస్తుంది. అమెరికాలో కొందరు ఈ వైరస్ ఉన్న ఎలుకల్ని వేడినీళ్లలో ఉంచి దాన్ని నిద్ర లేపారు. ఐబుప్రొఫెన్ లాంటిదే ఇంకో నొప్పి మాత్ర, సెలెకాక్సిబ్, ఇచ్చిన ఎలుకల్లో అది లేవడం తగ్గింది. ఒంట్లో వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్లు వైరస్‌కి సాయపడతాయనీ, ఈ మాత్ర వాటి తయారీకే అడ్డుపడుతుందనీ వాళ్ల లెక్క. 2005లో అచ్చయింది.

ఎలుకల వేడినీళ్ల సంగతి చదివి వినిపిస్తే అమ్మ, "మరి నేనేటి చెప్పాను?" అంది.

కానీ అవి ఎలుకలు. ఈ వైరస్‌ను అణిచే ఫామ్‌సిక్లోవిర్, సెలెకాక్సిబ్ కలిపిన మందొకటి మనుషుల మీద ప్రయత్నించారు, అదీ పొక్కులకు కాదు, ఒళ్లంతా పట్టి వదలని ఫైబ్రోమయాల్జియా నొప్పులకు, వాటి వెనక ఈ వైరస్ ఉందేమోనన్న అనుమానంతో. 2022లో ఫలితం వచ్చింది. అసలు పరీక్షలో ఉత్తుత్తి మాత్రను గెలవలేకపోయింది. పైగా మా అమ్మలా బీపీ ఉన్నవాళ్లకు ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడొచ్చు. ఇక నా సంగతంటారా, చురుక్కుమన్న రోజే ఈ వైరస్‌కి వాడే ఎసైక్లోవిర్ మాత్ర కూడా మొదలుపెట్టాను. మార్కులు ఎవరికి వెయ్యాలి?

ఆ ఎసైక్లోవిర్ కోసమే పాత చీటీ పట్టుకుని మద్దిలపాలెంలో మందుల షాపుకెళ్లాను. హెర్పిస్ అనగానే కుర్రాడు గొంతు తగ్గించి, "ఎవరికి మేడం?" అన్నాడు. మాస్కు దించి పెదవి చూపించాను.

"ఓ, ఇదా! వేడి చేసింది మేడం."