అడగకుండా వదిలేసిన ప్రశ్న

క్రిమినల్ లాయర్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా కోర్టే కదా, బల్ల గుద్దడం, "యువరానర్" అని గట్టిగా అరవడం, ఆ దెబ్బకి సాక్షి బోనులోనే ఏడ్చేసి నిజం కక్కేయడం. లండన్‌లో ఓల్డ్ బెయిలీ అనే పెద్ద క్రిమినల్ కోర్టు పబ్లిక్ గ్యాలరీలో మూడు రోజులు కూర్చున్నాను (టికెట్టేమీ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు, ఫోన్ మాత్రం లోపలికి రానివ్వరు), ఒక్కరు కూడా గొంతు పెంచలేదు. జడ్జి చేతిలో సుత్తి లేదు, ఇంగ్లండ్ కోర్టుల్లో అసలు అది వాడరట. "యువరానర్" కూడా వినపడలేదు, మిగతా క్రౌన్ కోర్టుల్లో (పెద్ద నేరాల విచారణ జరిగేవి) ఎక్కువగా అలాగే పిలుస్తారు గానీ ఓల్డ్ బెయిలీలో మాత్రం "మై లార్డ్", "మై లేడీ" అనాలి.

రెండో రోజు సాక్షిని డిఫెన్స్ బారిస్టర్ (కోర్టులో నిలబడి వాదించే లాయర్) క్రాస్ చేస్తోంది. ఎంత దూరం నుంచి చూశారు? వీధి దీపం ఎటువైపు ఉంది? మధ్యలో వ్యాన్ ఆగి ఉంది కదా? ఎన్ని సెకన్లు? అన్నీ ఇలాంటి చిన్న చిన్న ప్రశ్నలే, ఒక్కోదానికి అవును, కాదు తప్ప ఇంకేం చెప్పడానికి లేదు. ఇప్పుడు అడుగుతుంది చూడు, "అయితే మీరు ముఖం సరిగ్గా చూడలేదన్నమాట" అని, అనుకుంటూ నేను ముందుకు వంగాను. ఆవిడ థాంక్స్ చెప్పి కూర్చుంది.

నాకు చిరాకేసింది. ఆ సాయంత్రం తెలిసిన సొలిసిటర్ (క్లయింటుతో మాట్లాడి కేసు సిద్ధం చేసే లాయర్) అక్కని అడిగితే నవ్వింది. "ఆ ఒక్క ప్రశ్న అడిగితే సాక్షికి తలుపు తీసినట్టే, 'లేదండీ, అతను నాకు రెండేళ్లుగా తెలుసు' అంటే ఏం చేస్తుంది? ఆ మాట దాచుకుని చివర్లో జ్యూరీకి తనే చెప్పుకుంటుంది" అంది. (జ్యూరీ అంటే నేరం రుజువైందో లేదో తేల్చే మామూలు జనం.) దూరం, వెలుతురు, ఎంతసేపు అనేవి కూడా నోటికొచ్చినట్టు అడిగినవి కావు. గుర్తుపట్టడం మీదే ఎక్కువగా నిలబడిన కేసుల్లో సాక్షి పొరబడి ఉండొచ్చని జడ్జి జ్యూరీని హెచ్చరించి, సరిగ్గా ఈ విషయాలే చూసుకోమని చెప్పాలి, 1976లో టర్న్‌బుల్ కేసు తీర్పు నుంచీ అదే పద్ధతి. అంటే జడ్జి రేపు ఏం చెప్పబోతాడో ముందే తెలుసుకుని ఆవిడ ఈరోజు ప్రశ్నలు పేర్చుకుంది.

ఇది ఎక్కడ నేర్పుతారు అంటే, కొంత చదువులో, ఎక్కువ కోర్టులోనే. డిగ్రీ, బార్ కోర్సు, లండన్‌లోని నాలుగు ఇన్‌లలో (బారిస్టర్ల పాత సంఘాలు) ఒకదాంట్లో సభ్యత్వం, ఇవన్నీ అయ్యాక ప్యూపిలేజ్ అని మామూలుగా ఏడాది శిక్షణ, అందులో మొదటి ఆరు నెలలు సీనియర్ వెనకాల తిరిగి చూడటమే, తర్వాతి ఆరు నెలల్లో సొంతంగా చిన్న కేసులు. ఆ ప్యూపిలేజ్ దొరక్కే చాలామంది ఆగిపోతారు. దొరికి, ఛాంబర్స్‌లో (బారిస్టర్లు కలిసి నడుపుకునే ఆఫీసు) చోటు సంపాదించినా జీతం ఉండదు, కేసు చేస్తేనే ఫీజు. ఏ కేసు ఎవరికి వెళ్లాలో చూసేది ఛాంబర్స్ క్లర్క్, మన ప్లీడరు గుమాస్తా లాంటివాడు అనుకునేరు, సాయంత్రం ఆయన ఫోన్ చేసి "రేపు పొద్దున నువ్వే వెళ్లాలి, అది చేయాల్సినవాళ్ల వేరే ట్రయల్ ఇంకా తెమల్లేదు" అంటే రాత్రంతా ముక్కూ మొహం తెలియని మనిషి కేసు కట్ట చదవాల్సిందే. మొదటి మూడేళ్లలో ఖర్చులు పోను ఏడాదికి చేతికొచ్చేది 12,200 పౌండ్లే అని వాళ్ల సంఘం 2022లో లెక్క చెప్పింది. ఆ ఏడాది సమ్మెకి దిగారు, సెప్టెంబరు నుంచి నిరవధికంగా. ఫీజుల్లో ప్రభుత్వం ఇస్తానన్న 15 శాతం పెంపుకి ఒప్పుకున్నాక అక్టోబరులో విరమించారు.

ఇక అందరూ అడిగే ప్రశ్న, తప్పు చేసినవాడి తరఫున ఎలా వాదిస్తారు అని. నేనూ అడిగాను. ముద్దాయి "నేనే చేశాను" అని బారిస్టర్‌కి చెప్పేస్తే, ఆ తర్వాత "మా వాడు అక్కడ లేనే లేడు" అని కోర్టులో కథ అల్లడానికి వీల్లేదు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం సరిపోతుందా లేదా అని మాత్రం పరీక్షించొచ్చు. చెప్పకపోతే, చేశాడో లేదో తేల్చడం వాళ్ల పని కాదు.

పైగా అదే మనిషి వచ్చే వారం ప్రాసిక్యూషన్ తరఫున నిలబడొచ్చు. అక్కడ కూడా ఎలాగైనా గెలవడం పని కాదు. 2017లో దక్షిణ లండన్‌లోని క్రొయ్‌డన్‌లో ఒక విద్యార్థి మీద అత్యాచారం కేసు నడుస్తుంటే, ఫిర్యాదు చేసినామె ఫోన్‌లోని సుమారు 40,000 మెసేజ్‌లు పోలీసుల దగ్గరే ఉండిపోయాయని బయటపడింది. అవి డిఫెన్స్‌కి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టినవాళ్లలో ప్రాసిక్యూషన్ బారిస్టరే ఉన్నాడు. వాటిని చదివాక కేసు ఎత్తేశారు. నాకు ఆ వీధి దీపం ప్రశ్నలకంటే ఇదే పెద్ద పనితనం అనిపిస్తుంది.

నాలుగో రోజు ఆఫీసు ఉంది, వెళ్లలేకపోయాను. ఆవిడ జ్యూరీకి ఆ మాట ఎలా చెప్పిందో వినలేదు.